తళ్ళి వెట్టు

మునిరత్నానికి రెండు నోళ్ళున్నాయని భార్య మంగళ దెప్పుతూ ఉండేది. గడప లోపల తెలుగు నోరు, గడప దాటితే అరవ నోరు. చెన్నపట్నం తిరువొత్తియూరులో రైలుకట్ట పక్కన ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో ఉన్నంతసేపూ "ఈడ పెట్టు, ఆడ పెట్టు" అంటూ చక్కగా మాట్లాడేవాడు. చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగాడా, ఇంక ఆ నోట తెలుగు ముక్క రాలేది కాదు. పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళే, ఎదురింటివాళ్ళూ తెలుగువాళ్ళే. అయినా సరే, వాళ్ళు తెలుగులో పలకరిస్తే ఈయన అరవంలో జవాబిచ్చేవాడు. మంగళ దీనికి పూర్తిగా ఎదురు. బస్సులో పక్కన కూర్చున్న మనిషినైనా, చేపలమ్మే ఆమెనైనా "మీరు తెలుగా?" అని అడగందే ఆమెకు తోచదు. ఆ ప్రశ్న చెవిన పడితే చాలు, మునిరత్నం తల కొట్టేసినట్టయి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

పొగరుబోతు అనుకుంటారేమో, కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు మనలిలో ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ తోటలో పనికి చేరాడు. మొదటిరోజే "ఈ కుండీ యాడ పెట్టేది?" అని నోరు జారాడు. అంతే! పనివాళ్ళంతా చుట్టూ మూగి "గొల్టి, గొల్టి" అని చప్పట్లు కొట్టారు. తెలుగువాణ్ణి వెక్కిరించడానికి ఈ ఊళ్ళో ఆ మాటొక్కటి చాలు. తాత ముత్తాతల నాటి నుంచి ఇదే నేల మీద పుట్టి పెరిగినవాణ్ణి, నిన్న రైలు దిగినవాణ్ణి చూసినట్టు చూస్తే ఒళ్ళు మండదా మరి! ఆ మంటలోనే ఒట్టు పెట్టుకున్నాడు, పనిచోట తెలుగు ఎత్తకూడదని. నలభై నాలుగేళ్ళు ఆ ఒట్టు తప్పలేదు.

తోటపని నేర్పింది పెద్దమాలి పెరుమాళ్. ఆయన నేర్పిన మొదటి పాఠం, ఎదిగిన చెట్టును చావకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం. మేనేజర్లు మారినప్పుడల్లా వాళ్ళ భార్యలకు తోట నచ్చేది కాదు. ఒకావిడ మందారాలు గేటు దగ్గరికి రావాలనేది, ఆమె పోయాక వచ్చినావిడ గేటు దగ్గర అడ్డంగా ఉన్నాయనేది. అలా మార్చీ మార్చీ మునిరత్నానికి చెయ్యి తిరిగిపోయింది. ఒక నెల ముందే చెట్టు చుట్టూ సగం గాడి తీసి, కొత్త పీచువేళ్ళు పుట్టనివ్వాలి. కొమ్మల్ని మూడో వంతు కత్తిరించాలి. తీసే ముందురోజు నీళ్ళు దండిగా పోయాలి, మన్ను వేళ్ళను పట్టుకుని ఉండేందుకు. తూర్పున ఉన్న కొమ్మకు సున్నం బొట్టు పెట్టాలి, కొత్తచోట కూడా ఆ కొమ్మ తూర్పుకే ఉండేందుకు. ఇవన్నీ ఒక ఎత్తు, గడ్డపార వేసే చోటు ఒక ఎత్తు. మొదలుకు దగ్గరగా వేశామా, కొంప మునిగినట్టే. అందుకని పెరుమాళ్ కట్ట మీద కూర్చుని ఒకటే కేక పెట్టేవాడు. "తళ్ళి వెట్టు!" అరవంలో తళ్ళి అంటే దూరంగా, జరిగి. వెట్టు అంటే తవ్వు, నరుకు. దూరంగా తవ్వు అని. పెరుమాళ్ పోయాక ఆ కేక మునిరత్నానిదైంది.

ఊరందరి చెట్లూ మార్చినవాడికి సొంతానికి ఉన్నది ఒకే ఒక్క చెట్టు. ఇంటి వెనక, స్నానాల గదికీ ప్రహరీకీ మధ్య ఇరుకు సందులో ఉన్న నందివర్ధనం. తెల్లగా, ఒంటిరేకు పూలు. మంగళ ఆ పూలు దేవుడికి పెట్టేది కాదు, తల్లోనూ పెట్టుకునేది కాదు. దాన్ని చెట్టు అని కూడా అనేది కాదు. "పాపకు నీళ్ళు పోసినావా?" అనేది.

ముప్పై ఒక్కేళ్ళ కిందట, వానలకు రోడ్లన్నీ మునిగి ఆసుపత్రికి పోయే దారిలేక, ఆ ఇంట్లోనే ఒక మంత్రసాని చేతిమీద మంగళ ప్రసవించింది. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. ఆడబిడ్డ. పుట్టేసరికే ప్రాణం లేదు. పళ్ళు రాని బిడ్డను కాల్చరు, పూడుస్తారు. శ్మశానం దాకా పోవడానికి కూడా నడుములోతు నీళ్ళు. మునిరత్నమే తువ్వాల్లో చుట్టి ఎత్తుకుపోయి, పెరట్లో తన చేత్తో గుంట తీసి పూడ్చాడు. మూడో రోజున గెస్ట్‌హౌస్ తోటలో గింజపడి మొలిచిన నందివర్ధనం మొక్కను తెచ్చి దాని మీద పెట్టాడు. కొమ్మ తుంచి నాటితే సులువే, కానీ కొమ్మకు తల్లివేరు రాదు, చుట్టూ పీచువేళ్ళే. గింజ మొలకకైతే తల్లివేరు నిటారుగా కిందికి దిగుతుంది. ఎంత కిందికి దిగాలో ఆ మొక్కకు తెలియాలని అతని ఉద్దేశం. ఆ తర్వాత మంగళకు మళ్ళీ కాన్పు లేదు.

అద్దె ఇల్లే అయినా ముప్పై అయిదేళ్ళుగా సొంత ఇల్లులాగే బతికారు. ఇంటాయన పోయాక కొడుకులు నాలుగిళ్ళూ కలిపి ఒక బిల్డరుకు అమ్మేశారు. అపార్ట్‌మెంట్ కడతారట, కింద కార్లు పెట్టుకోవడానికి భూమి లోపల ఒక అంతస్తట. మే నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాట విన్న రోజు మంగళ అన్నం పెట్టుకోలేదు.

"ఇల్లు పోతే పోనీ. పాప లేకుండా నేను ఈడనించి కదిలేది లేదు," అంది.

"తీసుకోనే పోదాం మే. ఎన్ని చెట్లు తీసి పెట్టలేదు నేను!" అన్నాడు మునిరత్నం. భార్యను అతను "మే" అనే పిలిచేవాడు.

"కొమ్మ తుంచి నాటేది కాదు. వేరుతో రావాల, మన్నుతో రావాల. అది పండుకోనుండే మన్ను."

"మన్నుతోనే వస్తాది. నా పనే గదా అది."

మాటైతే ఇచ్చేశాడు. ఇచ్చాక తన కుడిచేతివైపు చూసుకున్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి, ఆ చెయ్యి పట్టు తప్పింది, కుడికాలు ఈడుస్తుంది. గడ్డపార ఎత్తడం ఇంక ఈ జన్మకు లేదు. పైగా మే నెల కత్తిరి ఎండలు. చెన్నపట్నంలో ఆ ఎండల్లో చెట్టు కదిలించేవాణ్ణి పెరుమాళ్ అయితే చెంప పగలగొట్టేవాడు. ఐప్పసి వానలదాకా, అంటే అక్టోబరు దాకా ఆగాలి. ఎవరు ఆగుతారు?

అయినా చెయ్యగలిగిందంతా చేశాడు. ఎడమచేత్తో, చిన్న తాపీతో, రోజుకు గుప్పెడు మన్ను తీస్తూ పన్నెండు రోజులకు చెట్టుచుట్టూ సగం గాడి పూర్తిచేశాడు. కొమ్మలు మంగళ కత్తిరించింది. కత్తిరించినచోటల్లా తెల్లగా పాలు కారాయి. నందివర్ధనం పాలచెట్టు, ఎక్కడ కోసినా పాలే. మంగళ ఆ పాలు కొంగుతో తుడిచి, లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. బిడ్డ పోయాక వారం రోజులు ఆమెకూ అలాగే పాలు కారాయని మునిరత్నానికి గుర్తుంది. ఆ మాట ఎత్తే ధైర్యం లేక సున్నం కలుపుతూ కూర్చున్నాడు.

గాడి పూర్తయ్యాక ఇంకో మూడు వారాలైనా ఆగాలని లెక్క. అయిదో రోజునే సైట్ ఇంజనీరు బాలకృష్ణన్ వచ్చి నిలబడ్డాడు. పక్కిళ్ళు ముందే ఖాళీ అయ్యాయట, జేసీబీ ఎల్లుండే వస్తుందట. మునిరత్నం చేతులు జోడించాడు. ఆ ఇంజనీరు చెడ్డవాడు కాదు. తేదీ తన చేతిలో లేదన్నాడు, కావాలంటే ఒక మనిషిని ఒక పూట పంపిస్తానన్నాడు. "నోట్లో నాలుక లేనివాడు, కానీ నలుగురి పని చేస్తాడు," అని అరవంలో చెప్పి పోయాడు.

మర్నాడు పొద్దున లోడు బండి వచ్చింది. మంగళను సామాన్లతో పాటు మనలి వైపు కొత్త ఇంటికి పంపించేశాడు మునిరత్నం. అక్కడ ఇంటి ఓనరమ్మ వల్లి గోడ పక్కన మూరెడు చోటు ఇచ్చింది. "నువ్వు పోయి గుంటలో నీళ్ళు నించి పెట్టు, బండి తిరిగి రాంగానే నేను పాపతో వస్తా," అన్నాడు. నిజానికి అది సాకు. గడ్డపార ఆ మన్నులో దిగుతుంటే ఆమె చూడకూడదని అతని ఆరాటం. ఆమె వెళ్ళలేక వెళ్ళింది. ఆమె ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఉండి ఉంటే, వచ్చిన మనిషిని మొట్టమొదట ఏమని అడిగేదో మీకు తెలుసు.

వచ్చినవాడు నలభై ఏళ్ళ మనిషి, నల్లగా, బక్కపల్చగా ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. గడ్డపార భుజాన పెట్టుకుని వచ్చి మౌనంగా నిలబడ్డాడు. ఉత్తరాది నుంచి వచ్చిన కూలీ అయి ఉంటాడని మునిరత్నం అనుకున్నాడు, సైట్లలో ఇప్పుడు వాళ్ళే కదా. చేతులు తిప్పుతూ, అరవంలో, చిన్న ముక్కలుగా పని చెప్పాడు. అతను తలూపాడు. ప్రతిదానికీ తలూపాడు. అర్థమై ఊపుతున్నాడో అర్థంకాక ఊపుతున్నాడో నిలదీసి అడగాల్సింది. అడగలేదు.

సందు ఇరుకు. ఇద్దరు మనుషులు పట్టరు. ఆ మనిషి చెట్టు వెనక, ప్రహరీ వైపు దిగాడు. మునిరత్నం ఇవతల బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. మధ్యలో కొమ్మలు, ఆకు. మనిషి వీపు తప్ప ఇంకేమీ కనబడదు. గడ్డపార చప్పుడు మాత్రం వినబడుతోంది. నలభై నాలుగేళ్ళు ఆ చప్పుడు విన్న చెవులవి. ఇసుకలో దిగితే ఒక చప్పుడు, పీచువేరుకు తగిలితే ఒక చప్పుడు. నాలుగు పోట్లు బాగానే పడ్డాయి. అయిదోది మొదలుకు దగ్గరగా పడింది.

"తళ్ళి వెట్టు!" అని కేకేశాడు మునిరత్నం.

ఆ మనిషి ఆగాడు. వెనక్కి తిరిగి చూసి, తలూపి, మళ్ళీ వేశాడు. ఇంకా దగ్గరగా పడింది.

"తళ్ళి! తళ్ళి వెట్టుప్పా!"

ఇంకో పోటు. ఇంకా లోపలికి. మునిరత్నం లేవబోయాడు, కుడికాలు మాట వినలేదు. కూర్చున్న చోటినుంచే గొంతు చించుకున్నాడు. "తళ్ళి వెట్టు! తళ్ళి! తళ్ళి!" అతను ఎంత అరిస్తే అవతల గడ్డపార అంత జోరుగా పడింది. ఆ మనిషి పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి, ఒకేచోట పొడిచాడు. కట్టె విరిగిన చప్పుడైంది. చెట్టు మెల్లగా మునిరత్నం వైపు ఒరిగింది. ఒరుగుతూనే వేళ్ళకున్న మన్నంతా జలజలా గుంటలోకి రాలిపోయింది.

పాకుతూ పోయి చూశాడు. తల్లివేరు మొదలుకు జానెడు కింద తెగిపోయి ఉంది. మొండెం నుంచి పాలు బొటబొటా కారి ఇసుకలో ఇంకుతున్నాయి.

"ఓలమ్మో! ఏటి బాబూ, అలగైపోనారేటి?" అన్నాడు ఆ మనిషి.

మునిరత్నం తలెత్తి అతని మొహం చూశాడు. నోటికి వచ్చిన మాట, పనిచోట అతను జన్మలో అడగని మాట. "నువ్వు... తెలుగా?"

"అవును బాబూ, మాది సికాకులం దగ్గిర. సింహాచలం నా పేరు. ఈ అరవం నాకు సరిగ్గా తెల్దు. మీరూ మనోళ్ళేనా?" అతని మొహం ఒక్కసారి వెలిగింది. అంతలోనే మునిరత్నం కళ్ళు చూసి ఆ వెలుగు ఆరిపోయింది. "తల్లి ఎట్టు, తల్లి ఎట్టు అని మీరే కదా బాబూ కేకలేసినారు? ఎట్టు అంటే నరకడమని ఈడికొచ్చినాక నేర్సుకున్నాను. తల్లేరు నరికీమంటన్నారు గావాల, గట్టిగా ఉంది, అందుకే కేకలేస్తన్నారు అనుకున్నాను. తప్పైపోనాదా?"

అతణ్ణి ఏమనాలి? ఒంటికాలి మీద లేచి తిట్టడానికి నోరెట్లా వస్తుంది? చెప్పింది చెప్పినట్టు చేశాడు పాపం. చెప్పినవాడిదీ విన్నవాడిదీ ఇంట్లో ఒకే భాష. దాన్ని కాదని, ఎప్పుడో కుర్రతనంలో ఎవరో చప్పట్లు కొట్టారని, ఇంకో భాషలో అరిచాడు. మునిరత్నం తలకాయ ప్రహరీకేసి కొట్టుకున్నాడు. సింహాచలం బెదిరిపోయి చేతులు పట్టుకున్నాడు.

తెగిన వేళ్ళకు ఆ ఎండ తగిలితే గడియలో చస్తాయి. తడి గోనె చుట్టించి, కొబ్బరితాడుతో కట్టించి, తిరిగొచ్చిన బండిలోకి ఎక్కించాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. మనలి దారిలో సగం దూరం పోయాక గాని మన్ను గుర్తుకు రాలేదు. వేరుకన్నా మన్ను కోసం కదా మంగళ అడిగింది! ఆ గడబిడలో తోటమాలికి చెయ్యాల్సినవన్నీ గుర్తొచ్చాయి, తండ్రికి గుర్తుండాల్సింది ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక్కి తిప్పమందామనుకున్నాడు. గోనె అప్పటికే ఆరిపోతోంది. తిప్పమనలేదు.

మంగళ గుంట పక్కనే నిలబడి ఉంది. గోనె విప్పకుండానే గుంటలో దింపించి, గబగబా మన్ను కప్పించేశాడు.

"మన్నుతోనే వచ్చిందా?" అనడిగింది.

"వచ్చింది మే," అన్నాడు.

వారంలో ఆకంతా రాలింది. "చోటు మారినప్పుడు ఆకు రాలుస్తాది, మళ్ళా వేస్తాది," అన్నాడు. ఆమె నమ్మింది. నలభై ఏళ్ళ తోటమాలి చెప్తే ఎవరు నమ్మరు? పొద్దున లేవగానే పోయి ప్రతి కొమ్మ కణుపూ తడిమి చూసేది, పచ్చగా మొన ఏదైనా వచ్చిందా అని. పదిహేనో రోజున ఆమె చూడకుండా గోటితో బెరడు గీకాడు మునిరత్నం. లోపల పాలు లేవు. పచ్చ లేదు. ఎండిన చెక్క. ఆ గీరిన చోటు మీద బురద పూసి వచ్చి, కొత్త చిగురు వచ్చేదాకా ఓపిక పట్టాలని ఆమెతో ఇంకో అబద్ధం చెప్పాడు. చెప్పి, వీధి చివరి కొళాయి దగ్గర నిలబడి ఏడ్చాడు.

ఇరవై రెండో రోజున వల్లి బట్టలారేస్తూ మామూలుగా అంది. "ఎండిపోయిందిగా అక్కా, అది పీకేస్తే ఆ చోట బండి పెట్టుకుంటాం."

మంగళ స్టీలు గిన్నె ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కి తిరువొత్తియూరు పోయింది. మిట్టమధ్యాహ్నం తిరిగి వచ్చింది. గిన్నె ఖాళీగానే ఉంది. గుమ్మంలో చతికిలపడి, చెప్పులు కూడా విప్పకుండా మాట్లాడింది.

"ఆడ మన ఇల్లు లేదు. గోడ లేదు. బాయంత లోతు తవ్వేసినారు. మన్ను యాడికి పాయ అని వాచ్‌మన్‌ని అడిగినా. లారీల్లో తోలేసినారంట. యాడో రోడ్డుకు పోసేదానికంట. ఏ రోడ్డో వానికి తెలీదంట."

మునిరత్నం తల దించుకున్నాడు.

"చెట్టు చచ్చిపోయింది గదా? తీసే రోజే నీకు తెలుసు గదా?"

ఇంక దాచలేకపోయాడు. సింహాచలం సంగతి, తళ్ళి సంగతి, మన్ను మర్చిపోయిన సంగతి, అన్నీ చెప్పేశాడు. "వాడు తెలుగోడే మే. నాకు తెలీలా. నేను అరవంలో చెప్తే, వాడు తల్లివేరు కొట్టమన్నానని అనుకున్నాడు," అన్నాడు. తిట్టాలని కోరుకున్నాడు. మంగళ తిట్టలేదు.

"తెలుగా అని ఒక్క మాట అడిగేదానికి నీ సొమ్మేం పోయింది?" అని మాత్రం అంది. ఆ మాట కూడా కోపంగా అనలేదు, అలిసిపోయి అంది.

వంగి చెప్పులు విప్పింది. ఆ తర్వాత మంగళ అతనివైపు తిరిగింది.

"ఆ పొద్దు మంత్రసాని నాకు చూపీలేదు. చూస్తే మనసు చెడతాదని నాకు దుప్పటి అడ్డం పట్టింది. నువ్వు ఎత్తుకోని పోయినావు గదా. మొగం ఎట్టుండింది? ఇన్నేండ్లు నిన్ను అడగలేదు నేను. చెట్టుండాది గదా, ఎదురుగానే ఉండాది గదా అని అడగలేదు. ఇప్పుడు చెప్పు. ముక్కు ఎవురిది? నీదా నాదా?"

"నీ మాదిరే" అన్న మాట మునిరత్నం నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై రెండు రోజులు అబద్ధాలాడినవాడికి ఇంకొకటి లెక్కా? కానీ ఆమె కళ్ళు తన నోటి మీదే ఉన్నాయి, దాహం వేసిన మనిషి కళ్ళలాగా. ఆ కళ్ళను చూస్తూ చెప్పలేకపోయాడు.

"నేనూ చూళ్ళేదు మంగళా. తువ్వాలు విప్పలేదు. నాకు భయమేసింది."

మంగళ చేతిలోని సంచి కింద పెట్టింది.

"ఆ మంత్రసాని?"

"ఆయమ్మ పోయి పన్నెండేండ్లు."

"అట్టయితే," అంది మంగళ, "దాని మొగం చూసినోళ్ళు లోకంలో ఎవురూ లేరు."